ఉప్పుటేరులోకి వచ్చే పోటునీటిలో కొత్తది ఎంత?

ఉష్ణమండల తీరాల్లో సముద్రం నుంచి లోపలికి పాకిన ఉప్పుటేరును ఒడ్డు నుంచి చూస్తే, దాని నీళ్లు రోజూ మారిపోతున్నట్టే అనిపిస్తుంది. చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. పోటుకు ఏరు నిండి మడ చెట్ల వేళ్లు మునుగుతాయి. ఆటుకు నీరు జారిపోయి బురద బయటపడుతుంది. ఇంత నీరు ఎక్కి దిగుతుంటే లోపల మురుగు ఎక్కడ నిలుస్తుంది, అంతా సముద్రమే పట్టుకుపోతుందిలే అన్న ధీమా అక్కడే పుడుతుంది. తీరంలో పైపులు వేసేవాళ్లు, చెరువులు తవ్వేవాళ్లు చాలాసార్లు ఈ ధీమాతోనే పని మొదలుపెడతారు.

కానీ నీరు కదలడం వేరు, మారడం వేరు. ఆటుకు బయటికి వెళ్లిన నీటిలో ఎక్కువ భాగం తర్వాతి పోటుకు మళ్లీ అదే ఏట్లోకి రావచ్చు. ఏటి పైకొసన ఉన్న నీరైతే అసలు మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాకా రాకుండానే వెనక్కి తిరగవచ్చు. ఏరు ఆరోగ్యంగా ఉందా లేదా అన్నది ఎంత నీరు వచ్చి పోయిందన్న దానిమీద కాదు, వచ్చినదాంట్లో కొత్త నీరు ఎంత అన్న దానిమీద ఆధారపడుతుంది.

వెళ్లిన నీరు ఎందుకు తిరిగొస్తుంది

ముందు ఏటి పొడవు సంగతి చూద్దాం. ఒక ఏరు 12 కిలోమీటర్లు ఉందనుకుందాం. మొగ దగ్గర ప్రవాహం అత్యధిక వేగం సెకనుకు అర మీటరు. ఆటు నడిచే ఆరు గంటల చిల్లరలో వేగం మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతుంది. ఆ లెక్కన ఒక నీటి ముద్ద ఒక ఆటులో కదిలే దూరం సుమారు 7 కిలోమీటర్లు. అంటే మొగకు 10 కిలోమీటర్ల పైన ఉన్న నీరు, అదే వేగంతో వచ్చినా సరే, సముద్రానికి ఇంకా 3 కిలోమీటర్ల దూరంలో ఉండగానే పోటు ఎదురొచ్చి వెనక్కి నెట్టేస్తుంది. నిజానికి పైకి పోయేకొద్దీ వేగం పడిపోతుంది. అత్యధిక వేగం సెకనుకు 0.2 మీటర్లే ఉన్న చోట నీరు ఒక ఆటులో 3 కిలోమీటర్లు కూడా కదలదు. ఆ నీటికి సముద్రం చూసే దారి ఒక్కటే: పక్క నీటితో కొద్దికొద్దిగా కలుస్తూ, చాలా పోట్ల మీద, మెట్టు మెట్టుగా కిందికి జరగడం.

మొగ దాటి బయటపడిన నీటి కథ ఇంకోలా ఉంటుంది. ఆటుకు ఏటినీరు ఇరుకైన మొగలోంచి ధారగా దూసుకొచ్చి సముద్రంలోకి నేరుగా చాలా దూరం వెళ్తుంది. పోటుకు మాత్రం సముద్రపు నీరు అలా ఒకే దారిన రాదు. మొగ చుట్టూ అన్ని వైపుల నుంచీ, అర్ధవృత్తంలో, దగ్గరున్న నీరు ముందుగా లోపలికి లాగబడుతుంది. 1952లో స్టోమెల్, ఫార్మర్ అనే సముద్ర శాస్త్రవేత్తలు ఈ తేడాను గుర్తించి చెప్పారు. ఏటికి మేలు జరిగేది ఈ తేడా వల్లే. ధార ఎంత దూరం పోతే అంత నీరు తిరిగి రాకుండా తప్పించుకుంటుంది, దాని చోటులో పక్కలనుంచి కొత్త సముద్రపు నీరు వస్తుంది. ధార బలహీనంగా ఉండి, మొగ ముందు సముద్రం లోతు తక్కువై, తీరం వెంట నడిచే ప్రవాహం కూడా లేకపోతే, బయటికెళ్లిన నీరు మొగ ముందే నిలబడి పోటుకు తిరిగి లోపలికి వచ్చేస్తుంది. తీరం వెంట మంచి ప్రవాహం ఉంటే ఆరు గంటల్లో ఆ నీటిని కొన్ని కిలోమీటర్లు పక్కకు జరిపేస్తుంది. కాబట్టి లోపల ఒకేలా ఉన్న రెండు ఏర్లలో ఒకటి శుభ్రంగా, ఒకటి మురికిగా ఉండటానికి కారణం చాలాసార్లు ఏట్లో దొరకదు, బయట సముద్రంలో దొరుకుతుంది.

అమావాస్యకూ అష్టమికీ ఉన్న తేడా

అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోట్లు పెద్దవి. అష్టమి చుట్టూ చిన్నవి. ఇది తీరంలో అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది ఏమిటంటే, పోటు ఎత్తు మూడు రెట్లు పెరిగితే ఏట్లోకి వచ్చే నీరు అంతకంటే చాలా ఎక్కువ రెట్లు పెరుగుతుంది.

ఒక ఊహా ఏరును తీసుకుని లెక్క కడదాం. నీటి కాలువ వైశాల్యం అర చదరపు కిలోమీటరు, దాని చుట్టూ మడ అడవి రెండున్నర చదరపు కిలోమీటర్లు. అష్టమి పోటు ఎత్తు 1 మీటరు. ఆ నీరు గట్టు దాటదు, కాలువలోనే ఎక్కి దిగుతుంది. అంటే ఒక పోటుకు వచ్చేది 5 లక్షల క్యూబిక్ మీటర్లు. అమావాస్య పోటు 3 మీటర్లు. కాలువలోకి 15 లక్షలు, గట్టు పొర్లి అడవిలో సగటున అర మీటరు లోతున నిలిచేది ఇంకో 12.5 లక్షలు, మొత్తం 27.5 లక్షలు. ఎత్తు మూడు రెట్లయితే నీరు అయిదున్నర రెట్లు.

ఇప్పుడు వచ్చిన నీటిలో 30 శాతమే కొత్తది, మిగతా 70 శాతం తిరిగొచ్చిన పాతదే అనుకుందాం. అమావాస్య ఆటుకు కాలువలో అడుగున మిగిలే నీరు 10 లక్షల క్యూబిక్ మీటర్లు. పోటుకు ఏట్లో ఉండే మొత్తం 37.5 లక్షలు. ప్రతి పోటుకూ వచ్చే కొత్త నీరు సుమారు 8.25 లక్షలు. అలా ఏటినీరు మారడానికి నాలుగున్నర పోట్లు, అంటే రెండు రోజుల పైచిలుకు పడుతుంది. అష్టమికి ఆటు అంత కిందికి దిగదు కాబట్టి అడుగున 15 లక్షలు మిగిలి ఉంటుంది. పోటుకు మొత్తం 20 లక్షలు, కొత్త నీరు లక్షన్నర మాత్రమే. అప్పుడు పట్టేది 13 పోట్ల పైనే, దాదాపు వారం. పైగా అష్టమికి మొగ దగ్గర ధార కూడా బలహీనం కాబట్టి కొత్త నీటి వాటా 30 శాతం కూడా ఉండకపోవచ్చు.

ఈ లెక్క మొత్తం ఏరును ఒకే తొట్టిగా, నీరంతా బాగా కలిసిపోయినట్టుగా భావించి చేసినది. అసలు ఏట్లో మొగ దగ్గరి నీరు ఒక్క రోజులో మారిపోయి, పైకొస నీరు మూడు నాలుగు వారాలు అక్కడే తిరుగుతూ ఉండగలదు. అందుకే ‘ఈ ఏరు సగటున మూడు రోజుల్లో శుభ్రపడుతుంది’ అని ఒకే అంకె చూపించే నివేదికను నమ్మడం కష్టం. చేపలు సగటు నీటిలో బతకవు, తామున్న చోట నీటిలో బతుకుతాయి. అడగాల్సిన ప్రశ్న ఎప్పుడూ ఇదే: ఎండాకాలంలో, అష్టమి రోజుల్లో, పైకొసన పరిస్థితి ఏమిటి?

ఉష్ణమండలంలో ఈ ప్రశ్నకు అదనపు బరువు ఉంది. 10 డిగ్రీల చల్లటి సముద్రపు నీరు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల దగ్గర అది సుమారు 6కు పడిపోతుంది. వేడికి కుళ్లుడు వేగం పెరుగుతుంది, దానికి కావలసిన ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. చల్లని దేశాల ఏరు తట్టుకునే మురుగును వెచ్చని ఏరు తట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

అడవి చేసే పని

కాలువను, దాని పక్కనున్న మడ అడవిని విడివిడిగా చూడటం పెద్ద పొరపాటు. నీటి పరంగా అవి రెండూ ఒకే వ్యవస్థ. ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో హిన్చిన్‌బ్రూక్ దీవి దగ్గర కోరల్ క్రీక్ అనే ఏట్లో సముద్ర శాస్త్రవేత్త ఎరిక్ వోలాన్‌స్కీ, ఆయన సహచరులు చేసిన కొలతల తర్వాత ఈ సంగతి స్పష్టపడింది.

ఒక పెద్ద పోటును దగ్గరగా గమనిస్తే ఇలా జరుగుతుంది. మొదట నీరు కాలువలోనే నింపాదిగా పైకి ఎక్కుతుంది. గట్టు అంచుకు చేరాక ఒక్కసారిగా విశాలమైన అడవి తెరుచుకుంటుంది, దాన్ని నింపడానికి కాలువలో వేగం పెరుగుతుంది. కానీ అడవిలోకి అడుగుపెట్టిన నీటికి వేళ్లు, కాండాలు, మొలకలు, రాలిన కొమ్మలు అడ్డం. కాలువలో సెకనుకు మీటరు దాకా పోగల నీరు అడవిలో 10 సెంటీమీటర్ల చుట్టుపక్కలకు పడిపోతుంది. బయట సముద్రం దిగడం మొదలుపెట్టినా అడవిలోని నీరు వెంటనే రాలేదు, వెనకబడుతుంది. ఈలోగా కాలువలో మట్టం బాగా పడిపోతుంది. అడవికీ కాలువకూ మధ్య వాలు పెరిగి, అప్పుడు నీరు బలంగా దిగుతుంది. ఫలితంగా ఇలాంటి ఏర్లలో పోటు వేగం కంటే ఆటు వేగం ఎక్కువగా ఉంటుంది.

చూడ్డానికి చిన్న తేడా. కాలువ బతికేది మాత్రం దీని మీదే. బురద, ఇసుక కదలిక నీటి వేగంతో పాటు సమానంగా పెరగదు, దానికంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆటు వేగం కొంచెం ఎక్కువైనా చాలు, పోటు తెచ్చిన పూడికను అది తిరిగి బయటికి ఈడ్చుకుపోతుంది. అడవిని నరికి, గట్టు వేసి చెరువులుగా మారిస్తే ఆ నీటికి నిలిచే చోటు పోతుంది, ఆటుకు బలం పోతుంది. ఆ తర్వాత కాలువ మెల్లగా పూడుకుపోతుంది. ఏటికి ఆనుకుని ఉన్న చేపల రేవు లోతు తగ్గిపోయాక డ్రెడ్జర్ తెప్పించి తవ్విస్తారు, రెండేళ్లకు మళ్లీ పూడుతుంది. తవ్వాల్సింది కాలువనా, తీయాల్సింది గట్టునా అన్న ఆలోచన అప్పటికైనా రావాలి.

అడవి వల్ల ఇంకో పని కూడా జరుగుతుంది. పోటు సమయంలో కాలువలోంచి పక్కకు వెళ్లి అడవిలో ఆగిన నీరు, తిరిగొచ్చేసరికి కాలువలో తన పాత తోడు నీరు ఉండదు. అది ముందే కిందికి వెళ్లిపోయి ఉంటుంది, ఆ చోట పైనుంచి వచ్చిన వేరే నీరు ఉంటుంది. రెండూ కలుస్తాయి. పక్క నిల్వల వల్ల జరిగే ఈ కలయికను 1973లో సముద్ర శాస్త్రవేత్త అకిరా ఒకుబో గణిత రూపంలో చూపించారు. అడవి ఉన్న ఏట్లో నీరు ఏటి పొడవునా బాగా కలగలిసిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. దీనికి ఇంకో ముఖం ఉంది. కరిగి ఉన్న పదార్థం ఏదైనా, మంచిదైనా చెడ్డదైనా, అడవిలో చిక్కుకుని ఆలస్యంగా బయటికి వస్తుంది.

నేల లోపల కూడా నీరు నడుస్తుంది. మడ బురద గట్టిది, దానిలోంచి నీరు ఊరడం చాలా నిదానం. కానీ పీతల బొరియలు ఆ బురదను గుల్లగా మార్చేస్తాయి. పోటుకు బొరియలు నిండుతాయి. అడవి నేల మీద నీటి మట్టంలో ఉండే కొద్దిపాటి తేడా చాలు, ఒక నోటినుంచి మరో నోటికి నీరు పారుతుంది. మడ చెట్లు నీటిని పీల్చుకుని ఉప్పును వేళ్ల దగ్గరే వదిలేస్తాయి. ఆ ఉప్పు పేరుకుపోతే చెట్టుకే ముప్పు. దాన్ని కడిగేది బొరియల్లో తిరిగే ఈ నీరే. పీతలు పోయిన అడవి కాలక్రమంలో ఎందుకు నీరసిస్తుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

ఉప్పు బిరడా

వానాకాలంలో కథ తేలిక. పైనుంచి మంచినీరు వస్తుంది. తేలికైన ఆ నీరు పైపొరలో సముద్రం వైపు, బరువైన ఉప్పునీరు అడుగున లోపలి వైపు నడుస్తాయి. ఆటుపోట్లకు తోడుగా ఈ రెండు పొరల ప్రవాహం కూడా ఏటిని కడుగుతుంది.

ఎండాకాలంలో పైనుంచి చుక్క రాదు. ఎండకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుందనుకుందాం. మీటరున్నర లోతున్న పైకొసలో నీరు నెల రోజులు కదలకుండా ఉంటే 15 సెంటీమీటర్లు తగ్గుతుంది, అంటే పదో వంతు. సముద్రపు నీటిలో కిలోకు 35 గ్రాముల ఉప్పు ఉంటే ఇక్కడ అది దాదాపు 39 అవుతుంది. అప్పుడు మామూలు ఏటికి తలకిందులుగా, లోపలి నీరు ఎక్కువ ఉప్పుగా, ఎక్కువ బరువుగా మారుతుంది. పైకొసన సన్నగా మంచినీరు వస్తున్న ఏర్లలో ఇంకా విచిత్రం: పైన మంచినీరు, మొగ దగ్గర సముద్రపు నీరు, రెంటి మధ్యలో రెంటికంటే ఉప్పైన నీటి ముద్ద. ఉత్తర ఆస్ట్రేలియా ఏర్లలో దీన్ని 1980ల్లో వివరంగా కొలిచారు. ఈ ఉప్పు ముద్ద బిరడాలా పనిచేస్తుంది. పై నీరు సముద్రానికి చేరదు, సముద్రపు నీరు పైకి పోదు. వానలు పడేదాకా నెలల తరబడి పైభాగం మూసేసినట్టే.

దీని విపరీత రూపం సెనెగల్‌లోని కాసమాన్స్ నదిలో కనిపించింది. 1970లు, 80ల్లో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతాన్ని పట్టిన కరువులో నది పైభాగం సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పుగా మారింది. నది వెంట మడ అడవులు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి, వరి పొలాలు ఉప్పు బారిన పడ్డాయి.

పైనుంచి నది లేకపోయినా కొన్ని ఏర్లు ఈ గతి నుంచి తప్పించుకుంటాయి. కెన్యాలోని మీడా క్రీక్‌లోకి చెప్పుకోదగ్గ నది ఏదీ రాదు. కానీ నేలలోంచి మంచినీరు ఊరుతుంది. ఎండాకాలంలో మడ చెట్లకు అదే ఆసరా. అలాంటి చోట దగ్గర్లో బోర్లు ఎక్కువై భూగర్భజలం తగ్గితే, దెబ్బ ముందు తగిలేది ఏటి పైకొసకే. నీటి కోసం బోరు వేసే వాళ్లకు ఏటితో సంబంధం ఉందని ఎవరూ చెప్పరు, అందుకే ఈ ముప్పు మరీ ప్రమాదకరం.

సముద్రానికి చేరేది ఎంత

ఏరు సముద్రానికి అన్నం పెడుతుందన్న ఆలోచన పాతది. 1968లో అమెరికా జీవావరణ శాస్త్రవేత్త యూజీన్ ఓడమ్, తీరపు చిత్తడి నేలల్లో మిగిలిన సేంద్రియ పదార్థం ఆటుతో బయటికి పొంగి సముద్ర జీవులను పోషిస్తుందని ప్రతిపాదించాడు. ఆలోచన అందంగా ఉంది, చాలామంది దాన్ని అన్ని చోట్లకూ వర్తింపజేశారు. పైన చెప్పుకున్న నీటి నడక తెలిస్తే కాస్త అనుమానం రావాలి: వెళ్లిన నీరే తిరిగొస్తుంటే, అందులోని ఆకుముక్కలు ఎంత దూరం పోతాయి?

కెన్యాలోని గాజీ బే ఈ ప్రశ్నకు సరైన చోటు. అక్కడ మడ అడవి, దాని ముందు సముద్రపు గడ్డి, ఆ ముందు పగడపు దిబ్బలు వరుసగా ఉంటాయి. మడ ఆకుల కార్బన్‌కూ, సముద్రపు గడ్డి కార్బన్‌కూ ఐసోటోపుల (ఒకే మూలకానికి వేర్వేరు బరువులున్న పరమాణువుల) పాళ్లలో స్పష్టమైన తేడా ఉంటుంది కాబట్టి ఏది ఎక్కడిదో గుర్తుపట్టవచ్చు. 1994లో వెలువడిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, అడవి నుంచి వచ్చిన పదార్థం ఎక్కువగా దగ్గరి గడ్డిలోనే ఆగిపోతోంది, దిబ్బల వైపు పోయేకొద్దీ దాని జాడ త్వరగా తగ్గిపోతోంది. పోటు సమయంలో గడ్డి నుంచి వచ్చిన పదార్థం తిరిగి అడవి వైపు కూడా వస్తోంది. వానల్లో వచ్చే బురదనీరు కూడా ఒడ్డు పక్కనే చిక్కుకుని ఉండటం ఆ తర్వాతి కొలతల్లో కనిపించింది. పగడాలకు అదే రక్షణ, బురద పడితే అవి బతకలేవు. ఇక్కడ నీరు సరిగ్గా మారకపోవడమే మేలు చేసింది. ఎక్కువ కడిగే ఏరే మంచి ఏరు అనుకోవడం కూడా తొందరపాటే.

ప్రాణులు ఈ నడకను మనకంటే ముందే కనిపెట్టాయి. చాలా జాతుల ఉప్పుటేటి పీతలు తమ పిల్లలను పెద్ద పోట్ల రోజుల్లో, రాత్రిపూట, నీరు దిగడం మొదలైనప్పుడు వదులుతాయి. ధార దూరంగా పోయి, తిరిగొచ్చే వాటా తక్కువగా ఉండే సమయం అదే, చీకట్లో చేపల కంటపడే ప్రమాదం కూడా తక్కువ.

ఇదంతా కొలవడం తేలిక కాదని కూడా చెప్పాలి. మన ఊహా ఏట్లోకి ఒక పోటుకు 27.5 లక్షల క్యూబిక్ మీటర్లు వచ్చి, దాదాపు అంతే బయటికి వెళ్తుంది. కొలతలో 5 శాతం తప్పొచ్చినా దాదాపు లక్షా 40 వేల క్యూబిక్ మీటర్ల తేడా. అదే ఏట్లో, అడవితో కలిపి, రోజంతా ఆవిరయ్యేది 15 వేలే. వచ్చినదీ పోయినదీ కొలిచి తీసివేస్తే మిగిలే అంకెలో నిజం కంటే తప్పే పెద్దది. అందుకే పరిశోధకులు దొడ్డిదారి వెతుకుతారు: ఉప్పు ఎంత పెరిగిందో చూసి నీరు ఎన్నాళ్లు నిలిచిందో లెక్కకట్టడం, భూగర్భజలంతో పాటు వచ్చే రేడియం ఐసోటోపులను చూడటం. రేడియం 224 సగం తగ్గడానికి 3.7 రోజులు, రేడియం 223కు 11.4 రోజులు. ఈ రెంటి పాళ్లు నీటి వయసును చెప్పేస్తాయి. ఒకే రోజు, ఒకే చోట, మొగ దగ్గర తీసిన సీసాడు నీటితో ఏరు మొత్తం బాగుందని ధ్రువపత్రం ఇవ్వడం మాత్రం న్యాయం కాదు. పోటు నిండుగా ఉన్నప్పుడు తీసిన సీసా అయితే అందులో ఉన్నది సముద్రమే, ఏరు కాదు.

దారి మూసేస్తే, మళ్లీ తెరిస్తే

కొలంబియా తీరంలో సియెనాగా గ్రాండే దె సాంతా మార్తా అనే పెద్ద మడుగు ఉంది. కరీబియన్‌లో పోటు ఎత్తు అర మీటరు కూడా ఉండదు, కాబట్టి ఉన్న కొద్ది దారులే దానికి ప్రాణం. 1950ల్లో మడుగుకూ సముద్రానికీ మధ్యనున్న సన్నని ఇసుక నేల మీద రోడ్డు వేసి చాలా దారులు మూసేశారు. నది వైపు నుంచి వచ్చే మంచినీటి కాలువలు కూడా పూడికలు, గట్లతో మూసుకుపోయాయి. నేలలో ఉప్పు పేరుకుని తర్వాతి దశాబ్దాల్లో మడ అడవిలో సగానికి పైగా చచ్చిపోయింది. 1990ల రెండో సగంలో మంచినీటి కాలువలను తిరిగి తెరిచాక కొంత అడవి కోలుకుంది, కానీ కాలువల్లో పూడిక తీస్తూ ఉంటేనే.

చిలికా సరస్సు అనుభవం మెరుగైనది. మొగ పూడి దూరం జరిగి, నీటిలో ఉప్పు తగ్గి, కలుపు మొక్కలు కమ్మేసి, చేపలు తగ్గాక, 1993లో దాన్ని చిత్తడి నేలల రక్షణకు కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కింద, ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ఉప్పు తిరిగొచ్చింది, చేపల దిగుబడి పెరిగింది, 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు.

రొయ్యల చెరువులున్న ఏర్ల విషయంలో ఇంకా చవకైన మార్గాలే ఉన్నాయి, వాటికి నీటి నడక తెలిస్తే చాలు. ఒకే ఏట్లో ఒకరు వదిలిన నీటిని అరగంట తర్వాత ఇంకొకరు తోడుకుంటుంటే, జబ్బు ఒక చెరువు నుంచి అన్ని చెరువులకూ పాకడానికి వేరే దారి అక్కర్లేదు. నీరు తోడుకోవాల్సింది పోటు నిండే చివరి గంటల్లో, ఎందుకంటే అప్పుడు వచ్చేదే అన్నిటికంటే కొత్త నీరు. వదలాల్సింది పెద్ద పోట్ల రోజుల్లో, ఆటు మొదలవగానే, అదీ మొగకు దగ్గరగా ఉన్నవాళ్లు మాత్రమే. మొగకు 10 కిలోమీటర్ల పైన ఉన్న చెరువు ఆటులో ఏ క్షణాన వదిలినా ఆ నీరు సముద్రం చూడదు, దారిలో ఆగి తిరిగి వస్తుంది. అలాంటి చోట చెరువుల సంఖ్య మీదే పరిమితి పెట్టాలి, వదిలే నీటిని ముందుగా గుంటల్లో నిలిపి తేర్చాలి. అనుమతి ఇచ్చే ముందు అధికారులు చూడాల్సిన అంకె ఏటి వెడల్పో లోతో కాదు, ఆ చెరువు ఉన్న చోట నీరు అష్టమి రోజుల్లో ఎన్ని రోజులకు మారుతుందన్నది.